లేజర్ అంటే కొలిచి పెట్టే గాయం

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఆషాఢంలో ఒక ఆదివారం సాయంత్రం ఒక చర్మవైద్యురాలు మాట్లాడిన మాటలివి. ఫోన్ రికార్డింగ్ విని రాసుకున్నాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాన్ కట్టేస్తే బాగా వినపడుతుంది కానీ, ఈ ఉక్కలో ఫ్యాన్ కట్టేయమంటే మీరు నన్నే పంపించేస్తారు. ఉండనివ్వండి, నేనే గట్టిగా మాట్లాడతాను.

నన్ను పిలవడానికి వచ్చినప్పుడు "లేజర్ గురించి చెప్పండి మేడమ్, మా వాట్సాప్ గ్రూపులో రోజూ అదే గొడవ" అన్నారు. గొడవ ఎందుకో నాకూ తెలుసు. ఫోన్ తెరిస్తే ఎడమవైపు గుంటలు గుంటలుగా ఒక బుగ్గ, కుడివైపు నున్నగా కోడిగుడ్డులాంటి బుగ్గ, మధ్యలో ఒక తెల్లగీత. నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ గీత గురించే. ఎడమ బుగ్గ కుడి బుగ్గ అయ్యేలోపు ఎన్ని నెలలు పట్టిందో, మొదటి వారం ఆ మనిషి ఇంట్లోంచి బయటికి వచ్చిందో లేదో, తువ్వాలు తగిలితే కెవ్వుమందో లేదో, అవన్నీ ఆ గీతలో దాగి ఉంటాయి. వాటిని ఎవరూ ఫొటో తియ్యరు.

అందుకని చివర్లో చెప్పాల్సిన మాట మొదటే చెప్పేస్తాను, మధ్యలో సీరియల్ టైమయి వెళ్లిపోయేవాళ్లు కూడా పట్టుకెళ్లొచ్చు. లేజర్ గాయం చేస్తుంది. ఆ గాయాన్ని మాన్పుకునే క్రమంలో చర్మం కొత్తగా కట్టుకుంటుంది. బాగుచేసే పని మొత్తం మీ చర్మానిదే. మీరు డబ్బులిచ్చి కొనుక్కునేది ఒక గాయాన్ని, కాకపోతే కొలిచి పెట్టిన గాయాన్ని. కాబట్టి ఏ మెషీను, ఏ దేశానిది, ఎంత రేటు అని అడిగే ముందు, నా ఒంటికి గాయం ఎలా మానుతుంది, మానేదాకా నేను ఓపిక పట్టగలనా అన్నది అడగాలి.

సరే, అసలు ఆ గాయం ఎలా చేస్తుంది? లేజర్ అనగానే ఎర్ర గీత గుర్తొస్తుంది మనకి, సినిమాల పుణ్యం. ఈ పనికి వాడే లేజర్ కంటికే కనపడదు. క్లినిక్‌లో మీ బుగ్గ మీద కనిపించే ఎర్ర చుక్క గురి చూసుకోవడానికి పెట్టిన చిన్న లైటు, అంతే. అసలు పని చేసేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. గోలీసోడా కొడితే పొంగుతుంది చూడండి, ఆ గ్యాసే. మొదటి లేజర్‌ని 1960లో థియొడర్ మైమన్ అనే ఆయన చేస్తే, నాలుగేళ్లకి, 1964లో, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఈ గ్యాసు లేజర్‌ని తయారుచేసింది మనవాడే, సీకేఎన్ పటేల్. బారామతిలో పుట్టి పుణెలో ఇంజనీరింగ్ చదివి వెళ్లాడు. మన మొహాల మీద మొటిమ గుంటల కోసమని ఆయన చేసి ఉండడు లెండి. ఇనప రేకులు కోసే ఫ్యాక్టరీల్లోనూ ఇదే రకం లేజర్ వాడతారు. ఆ మాట చెప్తే మా పేషెంట్లు కుర్చీలోంచి లేచిపోతారేమోనని అక్కడ చెప్పను, ఇక్కడ చెప్తున్నాను.

దాని తరంగం పొడవు 10,600 నానోమీటర్లు. నంబరు మర్చిపోండి, ఆ నంబరున్న కాంతిని నీళ్లు తాగేస్తాయి అన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి. మన చర్మంలో ఎక్కువ భాగం నీళ్లే కదా. కాంతి తగిలిన చోట కణాల్లోని నీళ్లు, కాలిన పెనం మీద చిలకరించినట్టు చుయ్‌మని ఆవిరైపోతాయి, వాటితోపాటు ఆ కణాలూ పోతాయి. ఆ చుట్టూ కొంత మేర వేడి పాకుతుంది, అక్కడున్న కొల్లాజెన్ పోగులు, అంటే చర్మానికి బిగువిచ్చే దారాలు, ముడుచుకుంటాయి, వాటి చోట కొత్తవి అల్లుకోవడానికి మూడు నెలలు, ఆరు నెలలు పడుతుంది. ఎర్బియం యాగ్ అని దీనికి చెల్లెలు ఒకటుంది, 2,940 నానోమీటర్లు. దాన్ని నీళ్లు ఇంకా ఆత్రంగా పీల్చుకుంటాయి కాబట్టి పైపైన చెక్కి వదిలేస్తుంది, వేడి తక్కువ పాకుతుంది. మన రంగుకి అది కొంత మేలు, కానీ బిగువు తెచ్చేదీ ఆ వేడే, అందుకని బిగువూ కొంచెం తక్కువే వస్తుంది.

మొదట్లో, 1990లలో, ముఖం మొత్తం ఒకేసారి చెక్కేసేవారు. పాత గోడకి సున్నం గీకినట్టు. ముడతలు పోయేవి, ఆ మాట ఒప్పుకోవాలి, లోతు ముడతలకి ఇప్పటికీ అంతగా పనిచేసేవి తక్కువే. కానీ వారం పదిరోజులు ముఖమంతా పచ్చిపుండు, తర్వాత నెలల తరబడి ఎరుపు. కొంతమందికి అంతా బాగుందనుకున్నాక, ఆరు నెలలకో ఏడాదికో, చెక్కిన మేర చర్మం తెల్లగా పాలిపోయేది. దవడ దగ్గర గీత గీసినట్టు పైన ఒక రంగు, మెడ ఒక రంగు. ఆ తెలుపు మళ్లీ రంగెక్కడం చాలా కష్టం.

2004లో అమెరికాలో మాన్‌స్టీన్, రాక్స్ ఆండర్సన్, వాళ్ల జట్టు కొత్త దారి పట్టారు. ముఖమంతా కాల్చకుండా చుక్కలు చుక్కలుగా కాల్చడం. దీన్నే ఫ్రాక్షనల్ అంటున్నారు, ఇప్పుడు మన ఊళ్లో బోర్డుల మీద కనపడేదంతా ఎక్కువగా ఇదే. దీన్ని మీకు చెప్పడం నాకు చాలా తేలిక, ఎందుకంటే మీరంతా సంక్రాంతికి చుక్కల ముగ్గు వేసినవాళ్లే. ముందు చుక్కలు పెడతాం. చుక్కకీ చుక్కకీ మధ్య అలికిన నేల అలాగే ఉంటుంది. ఇక్కడా అంతే, ఒక్కో చుక్క ఇంచుమించు వెంట్రుక మందం, లోతు మాత్రం మిల్లీమీటరు దాకా కూడా పోవచ్చు, చర్మం పై పొర మొత్తం కలిపి మిల్లీమీటరులో పదోవంతే అని గుర్తుపెట్టుకుంటే ఎంత లోతుకి వెళ్తోందో తెలుస్తుంది. మొటిమ గుంట కూర్చునేది ఆ కింద పొరలోనే, అందుకే పైన రాసే క్రీములు గుంటని పూడ్చలేవు, ఎంత ఖరీదువైనా సరే. చుక్కల మధ్య మిగిలిన మంచి చర్మం పక్కనుంచి పాకి, ఒకటి రెండు రోజుల్లోనే పై రంధ్రాల్ని మూసేస్తుంది. కింద పని మెల్లగా సాగుతుంది.

ఇప్పుడు మనవాళ్లు అడిగే మాట వినండి. "అంత డబ్బిచ్చాం కదా మేడమ్, ఇంకాస్త ఒత్తుగా కొట్టండి." పెళ్లి భోజనంలో ఇంకో గరిటె వడ్డించమన్నట్టు! లోతు కొంచెం పెరిగినా మన చర్మం ఓర్చుకుంటుంది కానీ, చుక్కలు ఒత్తుగా పడ్డాయంటే మధ్యలో మంచి చర్మం మిగలదు, వేడంతా కలిసిపోతుంది, ముఖం నల్లబడుతుంది. చుక్క దూరంగా పెట్టి, ఒక సిటింగ్‌కి బదులు మూడో నాలుగో చేయడం, మధ్యలో నెలన్నర రెండు నెలలు వదలడం, మా పనిలో సగం తెలివి ఇదే.

నల్లబడటం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, మనకి అసలు సమస్య అదే కాబట్టి. ఫిట్జ్‌పాట్రిక్ అనే డాక్టరు 1975లో చర్మాన్ని ఎండలో ఎలా కాలుతుంది, ఎలా నల్లబడుతుంది అన్నదాన్నిబట్టి రకాలు చేశాడు, ఇప్పుడు ఆరు రకాలుగా వాడుతున్నాం. ఎండ తగిలితే ఎర్రగా మండిపోయి అసలు నల్లబడనిది ఒకటోది. మనలో ఎక్కువమందిమి నాలుగు, అయిదు. లేజర్ పుస్తకాల్లో మొదట రాసిన లెక్కలు చాలావరకు ఒకటి, రెండు రకాలవాళ్ల మీద చేసినవి. ఆ లెక్కలు తెచ్చి మన బుగ్గల మీద పెడితే తేడా వస్తుంది. మీ పిల్లల కాళ్లు చూడండి. దోమ కుట్టి గోక్కున్న చోట నల్లమచ్చ ఎన్ని నెలలుంటుంది? ఒక్క దోమకే అంత గుర్తుపెట్టుకునే చర్మం, ముఖం మీద వేల చుక్కలు కాలిస్తే ఊరుకుంటుందా? అది చర్మం తప్పు కూడా కాదు. దెబ్బ తగిలిందంటే రంగు కణాలు గొడుగు విప్పుతాయి. ఆ గొడుగు ఉండబట్టే ఇంత ఎండలో పుట్టి పెరిగినా మనకి చర్మ క్యాన్సర్లు తెల్లవాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి లేజర్‌తో తెల్లబడతామని ఎవరైనా చెప్తే లేచి వచ్చేయండి. గుంటల కోసం రండి, కాలిన మచ్చల కోసం, ముడతల కోసం రండి. రంగు కోసం మాత్రం రావద్దు.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, నా మొహం మీద చదువుకున్నాను. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో నా బుగ్గల మీద గుంటలకి నా స్నేహితురాలి చేత చేయించుకున్నాను. చేసేటప్పుడు తప్పేం జరగలేదు, అంతా పద్ధతిగానే చేసింది. తొమ్మిదో రోజున మా పిన్ని కూతురి పెళ్లి ఫొటోలు తియ్యడానికి భీమిలి బీచ్‌కి వెళ్లాం. పొక్కులన్నీ రాలిపోయాయి కదా, డాక్టర్ని కదా, సాయంత్రం నాలుగింటి ఎండ ఏం చేస్తుందిలే అనుకున్నాను. గొడుగు కూడా పట్టుకున్నానండోయ్. కానీ ఎండ పైనుంచే వస్తుందనుకుంటాం మనం. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో 15 శాతం దాకా తిప్పికొడుతుంది, అల నురగ 25 శాతం దాకా. అంటే గొడుగు కింద నిలబడి కింద నుంచి కాల్చుకున్నానన్నమాట. మూడో వారానికి రెండు బుగ్గల మీదా బెల్లంపాకం రంగులో చుక్కలు, అచ్చం ముగ్గు పెట్టినట్టే, వరసలు లెక్కపెట్టొచ్చు. "ఏటి డాక్టరమ్మా, మొగానికేటయ్యింది?" అని పేషెంట్లు నన్ను అడిగేవారు. తగ్గడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ నా దగ్గర లేజర్ చేయించుకుంటామని వచ్చినవాళ్లు నా మొహం చూసి ఆలోచించుకుని చెప్తామని వెళ్లిపోయేవారు. ఎవరైనా అదే చేస్తారు కదా.

ఇక మంగు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి ఇదే ఉంది, ఇక్కడి నుంచే కనపడుతోంది. బుగ్గ ఎముకల మీద, పై పెదవి మీద, నుదుటి మీద గోధుమరంగు మరకలు. కడుపుతో ఉన్నప్పుడు వచ్చి పోనివీ, గర్భం రాకుండా వేసుకునే మాత్రలతో వచ్చినవీ, ఎండతో ముదిరినవీ. మంగు మీద ఈ చెక్కే లేజర్ పెట్టించుకోవద్దు. గాజువాక నుంచి ఒకావిడ వచ్చింది, ఎక్కడో పార్లర్‌లో లేజర్ పెట్టించుకుంటే నెలరోజులు తళతళలాడిందట, రెండో నెలలో ఇదివరకటి కంటే ముదురుగా, అంచులు కట్టి వచ్చింది. మంగులో రంగు కణాలు ముందే రేగిపోయి ఉంటాయి, వాటికి వేడి చూపిస్తే ఇంకా రేగుతాయి. స్టీల్‌ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసే మగవాళ్లకి కూడా మంగు చూస్తుంటాను, ఎండకి ముఖం చూపించనివాళ్లకి కూడా. పొయ్యి వేడి, కొలిమి వేడి కూడా దాన్ని పెంచుతాయి. మంగుకి క్రీములు, సన్‌స్క్రీను, ఓపిక. సన్‌స్క్రీన్‌లో కూడా చర్మం రంగులో ఉండేది, ఐరన్ ఆక్సైడ్ కలిపినది, తీసుకుంటే మంచిది, మామూలు వెలుతురుని కూడా కొంత ఆపుతుంది.

ఇంకో గుంపు ఉంది, వీళ్లని చూస్తే నాకు కోపం, జాలి రెండూ. తెల్లబడటానికని మందుల షాపులో మూడు మందులు కలిసిన స్టెరాయిడ్ క్రీము కొనుక్కుని రెండేళ్లు, మూడేళ్లు రాసుకున్నవాళ్లు. చర్మం పలచబడి, ఎర్ర నరాలు పైకి తేలి, క్రీము మానేస్తే మంట. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది, అయినా మన వీధి చివర అడిగితే ఇస్తున్నారు, కాదంటారా? ఆ చర్మం మీద లేజర్ పెట్టడమంటే నానిన కాగితం మీద గోరుతో గీయడమే. ముందు ఆ క్రీము మాన్పించి, చర్మం కోలుకునేదాకా ఆగాలి. దాచకుండా మాకు చెప్పండి, తిట్టం. అంటే, కొంచెం తిడతాం.

గుంటలన్నీ కూడా ఒకటి కాదు. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేవి కొన్ని, వీటి అడుగుదాకా లేజర్ సరిగా పనిచేయదు, పుల్లతో ఒక్కో గుంటలో గాఢమైన యాసిడ్ చుక్క పెట్టడం మేలు. అమ్మవారు పోసిన మచ్చల్లా అంచులు నిటారుగా ఉండేవి కొన్ని, ఇవి లేజర్‌కి బాగా లొంగుతాయి. అలలు అలలుగా పల్లం పడినట్టుండేవి మూడోరకం, పరుపుకి దారం వేసి కిందికి లాగి కుట్టినచోట నొక్కుకుపోతుంది చూడండి, అలా చర్మాన్ని కింద నుంచి పోగులు లాగి పట్టుకుంటాయి. ముందు సూదితో ఆ పోగులు తెంపకుండా పైన ఎన్నిసార్లు లేజర్ పెట్టినా అది లాగుతూనే ఉంటుంది. ఇంటికెళ్లి అద్దం ముందు రెండు వేళ్లతో బుగ్గని మెల్లగా సాగదీయండి. గుంట మాయమైందంటే ఈ రకం అని అనుమానించొచ్చు. చాలామందికి మూడూ కలిసే ఉంటాయి, అందుకే ఒక్క మెషీనుతో అన్నీ పోతాయనేవాళ్లని నేను నమ్మను. పూర్తిగా పోవడం అన్న మాట కూడా మర్చిపోండి. తగ్గుతాయి, పక్కనుంచి వెలుతురు పడ్డప్పుడు నీడలు తగ్గుతాయి. అది చిన్న విషయం కాదు.

చేసే రోజు గురించి త్వరగా చెప్పేస్తాను. ముఖం కడిగి మత్తు క్రీము రాసి ముప్పావుగంట, గంట కూర్చోబెడతాం. ఆ క్రీము ఇంటి దగ్గర మీ అంతట మీరు ఒళ్లంతా రాసుకుని రావద్దు, మందు ఎక్కువగా ఒంట్లోకి పోతే గుండెకి, మెదడుకి ప్రమాదం. కళ్లకి మూత పెడతాం, ఈ లేజర్ కంటి నల్లగుడ్డు మీద పొరని కాల్చగలదు. గదిలో ఉన్న ప్రతివాళ్లకీ అద్దాలుండాలి. స్పిరిట్‌తో తుడిచి తడి ఆరకుండా లేజర్ పెట్టకూడదు, నిప్పంటుకుంటుంది. పక్కన పొగ పీల్చే గొట్టం ఉండాలి, ఆ పొగలో కాలిన చర్మం తునకలు, వైరస్ ముక్కలు కూడా ఉండొచ్చు. వెంట్రుక కాలిన వాసన వస్తుంది, భయపడకండి. పని పావుగంటో అరగంటో. అంతే.

ఆ రాత్రి కారం పూసినట్టు మంట. మర్నాడు కళ్ల కింద వాపు, ఏడ్చి పడుకున్నట్టు. మూడో రోజుకి ముఖమంతా గోధుమరంగు గరుకు, ఉప్పుకాగితం పట్టుకున్నట్టు ఉంటుంది. అయిదు నుంచి ఏడు రోజుల్లో అది దానంతటదే రాలిపోవాలి. గిల్లారా, అక్కడే మచ్చ. మామూలు నీళ్లతో కడగడం, పైన పెట్రోలియం జెల్లీ పలచగా రాయడం, ఇంతే వైద్యం. జ్వరం వచ్చినప్పుడల్లా పెదవి అంచున పొక్కులు వచ్చే అలవాటుంటే ముందే చెప్పండి, దానికి మాత్రలు ముందురోజు నుంచే మొదలుపెడతాం, లేకపోతే ఆ వైరస్ పచ్చి చర్మమంతా పాకుతుంది. మా అత్తగారు పసుపు రాయమన్నారు, మా అమ్మ వేపాకు నూరింది, ఇవన్నీ ప్రేమతోనే అని తెలుసు. కానీ పచ్చి గాయం మీద ఏదీ వద్దు. పెళ్లికూతుళ్లకి ఇంకో గండం, నలుగు. సెనగపిండి, పసుపు, నూనె కలిపి అయిదుగురు ముత్తైదువలు తోముతారు. లేజర్ చేసిన ముఖాన్ని అలా తోమితే ఫొటోల్లో మీరే చూసుకుంటారు. చేతులకి, కాళ్లకి పెట్టించుకోండి, ముఖానికి శాస్త్రానికి ఒక బొట్టు చాలు.

సన్‌స్క్రీను శనగగింజంత రాసుకుని రాసుకున్నానంటారు అందరూ. చూపుడువేలు, మధ్యవేలు, ఈ రెండింటి పొడవునా గీత గీసినంత ముఖానికి, మెడకి. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ. నేను ఏసీ గదిలోనే ఉంటానండీ అంటారు, మంగుని ముదర్చే కిరణాల్లో చాలావరకు కిటికీ అద్దంలోంచి వస్తాయి. మబ్బు పట్టినా వస్తాయి.

ఎవరి దగ్గర చేయించుకోవాలి అన్నది అడిగేలోపు నేనే చెప్తాను. ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్ చదివిన చర్మవైద్యులు, ప్లాస్టిక్ సర్జన్లు. బోర్డు మీద పేరుండటం కాదు, ఆ రోజు లేజర్ పట్టుకునే చెయ్యి ఎవరిదో అడగండి. ముందు చెవి వెనకో దవడ కిందో చిన్న చోట చేసి నెల రోజులు ఆగి చూస్తారా అని అడగండి. రాత్రి పదింటికి ముఖం వాస్తే ఎవరికి ఫోన్ చేయాలో అడగండి. ఈ మూడోదానికి నీళ్లు నమిలారంటే లేచి వచ్చేయండి.

సరే, ఇక మీరు అడగండి.

(ఒకావిడ: కార్బన్ ఫేషియల్ అని చేస్తున్నారు, అదీ ఇదే లేజరా?)

కాదమ్మా. అది వేరే లేజర్, 1,064 నానోమీటర్లది, రంగు మీద పనిచేస్తుంది, చర్మాన్ని చెక్కదు. ఒకరోజు మెరుపుకి బాగానే ఉంటుంది. వారం వారం ఏళ్ల తరబడి చేయించుకుంటే కొందరికి ముఖం మీద బియ్యపు గింజలంత తెల్లమచ్చలు పడతాయి. బొల్లి వచ్చిందని ఏడుస్తూ వస్తారు.

(ఒకాయన: నాకు నిజంగానే బొల్లి ఉంది డాక్టరుగారూ, చేతుల మీద. ముఖానికి గుంటలున్నాయి.)

మచ్చలు పెరుగుతున్న దశలో వద్దండి. దెబ్బ తగిలినచోట కొత్త మచ్చ పుట్టే గుణం బొల్లికి ఉంది. లేజర్ కూడా దెబ్బే కదా. కాలిన గాయాలకి గడ్డలు కట్టే ఒంటితీరు ఉన్నవాళ్లకీ ఇదే మాట, చెవులు కుట్టించుకున్న చోట ఉసిరికాయంత గడ్డ వచ్చినవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లకి.

(ఒక కుర్రాడు: మొటిమలకి మాత్రలు వాడుతున్నాను, ఆరు నెలలు ఆగాలట, నిజమేనా?)

ఐసోట్రెటినోయిన్ కదూ. ఇదివరకు అందరం ఆరు నెలలు అనేవాళ్లం. ముఖమంతా చెక్కే పాతరకానికి ఇప్పటికీ ఆగడమే మంచిది. చుక్కల రకానికి అంత ఆగక్కర్లేదని 2017లో అమెరికా చర్మ సర్జన్లు పాత పరిశోధనలన్నీ తిరగేసి చెప్పారు. కానీ మాత్ర ఎంత మోతాదు, ఎన్నాళ్లయింది అన్నది నీ డాక్టరు చూసి చెప్పాలి బాబూ, ఇక్కడ మైకులో చెప్పేది కాదు.

(ఒకావిడ: మా అమ్మాయికి మాఘమాసంలో పెళ్లండి. ఇప్పుడు మొదలుపెడితే సరిపోతుందా?)

మంచిది, చాలామంది పది రోజుల ముందు వస్తారు, మీరు ఆషాఢంలోనే అడిగారు. మాఘం అంటే ఫిబ్రవరి అనుకుందాం. ఆఖరి సిటింగ్‌కీ పెళ్లికీ మధ్య కనీసం మూడు నెలలు వదలాలి, నల్లబడితే తగ్గడానికి ఆ టైము కావాలి. అంటే నవంబరు మొదటి వారం ఆఖరిది. అక్కడినుంచి ఆరేసి వారాలు వెనక్కి వస్తే సెప్టెంబరు మూడోవారం ఒకటి, ఆగస్టు మొదట్లో ఒకటి. ఈ నెలలోనే చెవి వెనక టెస్టు, సన్‌స్క్రీను అలవాటు. మూడు పడతాయి, కుదురుతుంది. అమ్మాయి వచ్చిందా? ఏమ్మా, నీకేనా? కొత్త మొటిమలేమైనా వస్తున్నాయా ఇంకా?

(అమ్మాయి: వస్తున్నాయి మేడమ్. నెలకి నాలుగైదు, గడ్డం మీద.)

అయితే ఇప్పుడు నేను లెక్కేసిందంతా పక్కన పెట్టేయాలి. కొత్త మొటిమలు వస్తున్నప్పుడు పాత గుంటలు చెక్కడం, పడవకి చిల్లు ఉండగానే రంగు వేయించడం లాంటిది. ముందు వాటిని ఆపుదాం, దానికే నాలుగైదు నెలలు పట్టొచ్చు. గడ్డం మీద అంటున్నావు కాబట్టి నెలసరి సరిగా వస్తోందా అన్నది కూడా చూడాలి. అప్పటికి పెళ్లి దగ్గరికొచ్చేస్తుంది, మూడు నెలల గడువు మిగలదు. గుంటల సంగతి తర్వాత, నీకు కావాలనిపిస్తే. మంగళవారం ఉదయం రా, ముఖానికి ఏమీ రాసుకోకుండా.